పడవలో భయం దాచకూడదు

సంసారం సాగరమనీ, జీవితం నావ అనీ, గురువో దైవమో చుక్కాని అనీ మనవాళ్ళు ఎన్ని వందల ఏళ్ళుగా చెబుతున్నారో లెక్క లేదు. నాకీ ఉపమానం మీద ఒక పాత కక్ష ఉంది. చెప్పినవారిలో పడవలో కాపురం చేసినవారు ఎంతమంది? పడవలో నీరు ఊరుతుంది. దాన్ని రోజూ తోడాలి. ఈ ఒక్క సంగతి మన ఉపమానాల్లో ఎక్కడా కనిపించదు. నావ ఉంటుంది, కడలి ఉంటుంది, తీరం ఉంటుంది. నీళ్ళు తోడే రేకుడబ్బా మాత్రం ఉండదు.

ఈ కక్ష నాకు మా అమ్మవైపునుంచి వచ్చింది. మా తాతయ్యకు కొమ్మమూరు కాలువ మీద సరుకుపడవ ఉండేది. అమ్మ పదకొండో ఏడు వరకూ ఆ పడవలోనే పెరిగింది. తెరచాప పడవలో నివాసముండటం అంటే ఇప్పుడు మనకు తెల్లవాళ్ళ సరదా గుర్తుకొస్తుంది: ఉద్యోగం మానేసి, ఇల్లమ్ముకుని, భార్యాభర్తలిద్దరూ పసిఫిక్ దీవులు తిరిగే వీడియోలు. మన పక్కన అది సరదా కాదు, కులవృత్తి కూడా కాదు, కేవలం బతుకుతెరువు. దుగ్గిరాల లాకుల నుంచి పెదగంజాం వరకూ కొమ్మమూరు కాలువ, అక్కడినుంచి మద్రాసు దాకా బకింగ్‌హాం కాలువ. వెరసి నాలుగువందల కిలోమీటర్లకు పైమాటే. బకింగ్‌హాం కాలువ మద్రాసు వైపున 1806లో మొదలైంది. 1876-78 నాటి ధాత కరువులో ఆకలిగొన్న జనం చేత తవ్వించి మిగతా ముక్కలు కలిపారు. ఆనాటి గవర్నరు పేరు పెట్టారు. తవ్వినవాళ్ళ పేర్లు ఏ రాతిమీదా లేవు. అదలా ఉంచండి, ఈ టపా దాని గురించి కాదు.

వెళ్ళేటప్పుడు ధాన్యం, పొగాకు. వచ్చేటప్పుడు చినగంజాం ఉప్పు, సరుగుడు కట్టెలు. గాలి అనుకూలమైతే తెరచాప ఎత్తేవారు. లేకపోతే ఇద్దరు గట్టెక్కి మోకు భుజాన వేసుకుని లాగేవారు. లోతు తక్కువైతే గెడ వేసేవారు. వెనక భాగంలో తాటాకు గూడు, దానికింద మట్టిపొయ్యి, రెండు తట్టలు, ఒక ట్రంకుపెట్టె. అదే ఇల్లు. ఆ ఇంట్లో నలుగురు పిల్లలు. పసిపిల్లల నడుముకు ఒక తాడు కట్టి, ఆ తాడు రెండో కొసను గూటి గుంజకు కట్టేవారట. అమ్మ నడుముకూ అదే తాడు. ఇప్పటికీ ఆ ముడి ఆమెకు వచ్చు.

అమ్మ చెప్పే పడవ కథల్లో తుఫానులు చాలా తక్కువ. మరమ్మతులే ఎక్కువ. తెల్లవారుజామున తాతయ్య చేసే మొదటి పని అడుగుపలక ఎత్తి, రాత్రి ఎంత నీరు ఊరిందో బెత్తెలతో కొలవటం. నిన్నటికంటే ఒక బెత్తెడు ఎక్కువుంటే ఆరోజు ఆయన మాట కరుకుగా ఉండేదట. పలకల సందుల్లో నూలు కూరి, మీద గుగ్గిలమూ నూనే కలిపి కాచి పూసేవారు. ఆ నూలు మన పత్తినుంచి వచ్చిందే. మా నల్లరేగడి నేలలో పండిన పత్తి పడవ సందులకు ప్రాణం పోసేదని చిన్నప్పుడు నాకు తెలియదు. తెలిశాక మా చేలమీద కొంచెం గౌరవం పెరిగింది. తెరచాప చిరిగితే సూదీ దారం. మోకు పేగులు తేలితే విప్పి, మళ్ళీ పురి పెట్టి అల్లటం. చుక్కాని మేకు వదులైతే గుడ్డపీలిక చుట్టి బిగించటం. ఒక రోజు ఏమీ చెడిపోకపోతే తాతయ్య అనుమానపడేవాడట. చెడింది తన కంటికి కనబడలేదేమోనని.

ఆయన అసలు భయం వేరు. పెదగంజాం దాటితే కాలువ నీరు ఉప్పన. సముద్రపు పోటు కాలువలోకి వస్తుంది. ఆ ఉప్పునీటిలో చెక్కను తొలిచే ఒక పురుగు ఉంటుంది. పేరుకు పురుగు, నిజానికి గుల్లజాతి ప్రాణి. సూదిమొన అంత రంధ్రం చేసుకుని పలకలోకి దిగుతుంది. లోపల పెరుగుతూ, తింటూ పోతుంది. పైకి పలక నున్నగా, కొత్తగా ఉంటుంది. వేలితో కొడితే తప్ప తెలియదు. అందుకని రాత్రి పిల్లలు పడుకున్నాక తాతయ్య చీకట్లో పడవ పొడుగునా పాకుతూ, లోపలివైపు పలకలను వేలికణుపులతో తట్టుకుంటూ పోయేవాడట. గట్టి చప్పుడు వస్తే ముందుకు, బోలు చప్పుడు వస్తే అక్కడే ఆగి మళ్ళీ. అమ్మకు నిద్రలో వినిపించిన జోలపాట అదే. తిరుగుప్రయాణంలో పెదగంజాం దగ్గర తియ్యనీటిలోకి రాగానే ఆయన ముఖం తేటపడేదట. తియ్యనీటిలో ఆ పురుగు బతకదు. ఇంత శాస్త్రం ఆయనకు ఎవరు చెప్పారో!

ఇక్కడ నేను చెప్పదలచిన సంగతి ఉంది. పడవలో ఒక కట్టుబాటు ఉండేదట. ఎవరికి ఏ అనుమానం వచ్చినా అప్పటికప్పుడు పైకి చెప్పాలి. "ఏదో చప్పుడయింది" అని ఆరేళ్ళ పిల్ల అన్నా తాతయ్య లేచి చూసేవాడు. ఏమీ లేదని తేలినా తిట్టేవాడు కాదు. ఒకసారి అమ్మ అన్నయ్య, అంటే మా పెద్ద మేనమామ, బియ్యపు బస్తా కింద తడి చూసి కూడా తిడతారని ఊరుకున్నాడట. ఆ బస్తాతో పాటు మరో మూడు బస్తాలు తడిసి ముక్కిపోయాయి. తాతయ్య జీవితంలో పిల్లవాణ్ణి కొట్టింది ఆ ఒక్కసారే. బియ్యం పోయినందుకు కాదట, చెప్పనందుకు. పడవలో భయం దాచకూడదు అన్నాడట.

ఈ పాత కథలన్నీ నాకు మళ్ళీ గుర్తుకు రావటానికి కారణం తారిణి. 2017 సెప్టెంబరు 10న గోవానుంచి ఆరుగురు నౌకాదళ మహిళలు సుమారు 17 మీటర్ల తెరచాప పడవలో బయలుదేరి భూగోళం చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చారు. 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్ళు. నాయకురాలు వర్తికా జోషి. జట్టులో ప్రతిభా జామ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా ఉన్నారు. మిగతా ఇద్దరూ మనవాళ్ళు: హైదరాబాదు అమ్మాయి బి. ఐశ్వర్య, విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి. 2018 జనవరిలో కేప్ హార్న్ చుట్టివచ్చారు. 7 మీటర్ల అలలు చూశారు. మన పత్రికలు బాగానే రాశాయి. "సాహసం", "అలలపై అతివలు", "నారీశక్తి". అన్నీ నిజాలే. నాకు మాత్రం ఒక చిన్న వార్త దగ్గర మనసు ఆగిపోయింది. కేప్‌టౌన్ దాటి ఇంటిముఖం పట్టాక చుక్కాని తిప్పే యంత్రాంగంలో లోపం కనబడింది. ముందు అనుకోని మజిలీగా మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగి, బాగుచేయించుకుని, మళ్ళీ కదిలారు.

ఆ మజిలీని చాలా చోట్ల ఒక్క వాక్యంలో దాటేశారు, ఏదో మచ్చ అయినట్టు. నా దృష్టిలో ఆ ప్రయాణంలో అతి గొప్ప ఘట్టాల్లో అదొకటి. ఇల్లు దగ్గరపడింది, దేశం ఎదురుచూస్తోంది. ఎలాగో నెట్టుకొచ్చేద్దాం అనిపించే సమయం అది. అప్పుడు "చుక్కాని బాగాలేదు, ఆగాలి" అని పైకి చెప్పి ఆగటానికి ఎంత నిబ్బరం కావాలి? కేప్ హార్న్ దగ్గరి అలను ఎదుర్కొనక తప్పదు, అది మన ఇష్టంతో పనిలేకుండా మీదికి వస్తుంది. ఆగటం మాత్రం తామై ఎంచుకున్నది.

అభిలాష్ టోమీ సంగతి ఇంకా విచిత్రం. 2018లో గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఒంటరిగా పోతూ, సెప్టెంబరు 21న హిందూ మహాసముద్రపు దక్షిణ భాగంలో తుఫానులో చిక్కాడు. తెరకొయ్య విరిగింది, వెన్నెముక దెబ్బతింది. మూడురోజులు కదలలేక పడివుంటే 24న ఒక ఫ్రెంచి నౌక వచ్చి రక్షించింది. అంత జరిగాక అదే పందానికి 2022లో మళ్ళీ వెళ్ళి, 2023 ఏప్రిల్ 29న రెండోవాడిగా గమ్యం చేరాడు. ఆ రెండో ప్రయాణంలో గాలితో దానంతటదే దారి పట్టే చుక్కాని పరికరం విరిగితే, మరుగుదొడ్డి తలుపు కోసి దానికి అతుకులు వేసుకున్నాడు. ఈ సంగతి అమ్మకు చదివి వినిపించాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "మరి తలుపెందుకురా అక్కడ, ఒక్కడే గదా!" అంది.

ఇంతవరకూ చదివిన మిత్రులకు ఇది పడవల గురించిన టపా అనిపించి ఉంటుంది. నాకు పడవ గురించి రాయాలనిపించటానికి కారణం పడవ కాదు. మా నాన్న.

నాన్నది పర్చూరు పక్క నల్లరేగడి పల్లె. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా అంటున్నారు గానీ నా నోటికింకా ప్రకాశమే. పత్తి, మిరప, కొంత పొగాకు. నేను గుంటూరులో డిగ్రీ చదువుతున్న 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తిమీద తెల్లదోమ పడింది. ఆకు అడుగున చేరి రసం పీల్చేది. ఆకుమీద జిగట, ఆ జిగటమీద నల్లని మసి. పచ్చపురుగు మీదికని అప్పటికే కొత్తరకం మందులు విపరీతంగా కొట్టి ఉండటంతో తెల్లదోమ తగ్గకపోగా రెచ్చిపోయిందని తర్వాత శాస్త్రజ్ఞులు తేల్చారు. మందు అమ్మేవాడే అప్పిచ్చేవాడు. తగ్గకపోతే ఇంకో డబ్బా, ఇంకో అప్పు. మన రాష్ట్రంలో పత్తిరైతుల ఆత్మహత్యలు పెద్దయెత్తున లోకానికి తెలిసింది ఆ ఏడే. వాటిలో ఒకటి మా బాబాయిది.

బాబాయి ఎవరితోనూ ఒక్క మాట చెప్పలేదు. ముందురోజు సాయంత్రం మా అరుగుమీద కూర్చుని నాన్నతో ఎడ్ల బేరం మాట్లాడాడు. నాన్నకూ అప్పు ఉంది, ఆయనా ఆ మాట ఎత్తలేదు. అన్నదమ్ములిద్దరూ ఒకే రంధ్రంలోంచి నీళ్ళు వస్తున్న పడవలో ఎదురెదురుగా కూర్చుని ఎడ్ల గురించి మాట్లాడుకున్నారు. నాన్న ఆ తర్వాత పాతికేళ్ళు బతికాడు. ఆ సాయంత్రం గురించి మాతో ఒక్కసారే అన్నాడు: "నేను ముందు చెప్పుంటే వాడూ చెప్పేవాడేమోరా."

నేలమీద మనం పెట్టుకున్న కట్టుబాటు పడవ కట్టుబాటుకు సరిగ్గా తలకిందులు. భయం చెప్పినవాడు చులకన. అప్పు సంగతి బయటపడితే పిల్లకు సంబంధం రాదు, ఎరువుల కొట్టులో అరువు పుట్టదు. కాబట్టి రైతు నిబ్బరంగా కనపడాలి. మన సినిమాలూ పాటలూ ఇందుకు తోడు. రైతు అంటే భూమిపుత్రుడు, మొక్కవోని ధైర్యం. బెస్తవాడు అంటే కడలికి వెరవని ధీరుడు. ఈ పొగడ్తలు నాకు నచ్చకపోవటానికి కారణం ఇదే. ఒకణ్ణి ధీరుడని పదేపదే అన్నాక వాడు మన దగ్గరికి వచ్చి "నాకు భయంగా ఉంది" అని ఎలా అంటాడు? తాతయ్య ధీరుడేమీ కాదు. రోజూ రాత్రి భయపడేవాడు, భయపడి తట్టి చూసేవాడు. అందుకే ఆ పడవ ముప్పై ఏళ్ళు నీటిమీద నిలిచింది. చివరికి లారీలు వచ్చి సరుకు పోయి, 1969లో దాన్ని కట్టెల లెక్కన అమ్మేశాడు. మునిగిపోవటం మాత్రం జరగలేదు.

ఈ మాట ఒకసారి మా తమ్ముడి దగ్గర అన్నాను. వాడు సేద్యంలోనే ఉన్నాడు. 2021-22లో మిరప తోటలమీద నల్ల తామరపురుగు పడిన కాలమది. పువ్వులో దూరి పువ్వునే రాల్చేసే పురుగు. పైనుంచి చూస్తే చేను పచ్చగా ఉంది, కాయ లేదు. వాడు నా మాట విని నవ్వాడు. "తాతయ్యకు నూలు ఉంది, గుగ్గిలం ఉంది. రంధ్రం చూపిస్తే పూడ్చేవాడు. నేను చూపిస్తే ఎవరు పూడుస్తారు? నా భయం పైకి చెప్పినందువల్ల యార్డులో క్వింటాకు వంద పెరుగుతుందా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నా వాదంలో ఉన్న బెజ్జం అది. తెల్లారిలేస్తే ఎవరి చేతనైన మరమ్మతు వాళ్ళు చేసుకోగలిగినచోట భయం చెప్పుకోవటానికి అర్థం ఉంది. రంధ్రం ధరలోనో, మందులోనో, వానలోనో ఉన్నప్పుడు?

ఆ జవాబు కోసం కొంతకాలం తచ్చాడి, చివరికి మా ఊరికి కూతవేటులో ఉన్నదానికే వెళ్ళాను. మోటుపల్లికి. చినగంజాం దగ్గర సముద్రపు ఒడ్డున ఇప్పుడు చిన్న పల్లె. ఒకప్పుడు కాకతీయుల రేవు. 13వ శతాబ్దం చివర్లో మార్కోపోలో దాన్ని ముత్ఫిలి అని పిలిచి, అక్కడ నేసే సన్నని నూలుబట్టను సాలెగూడుతో పోల్చి మరీ మెచ్చుకున్నాడు. అక్కడి వీరభద్రాలయంలో గణపతిదేవుడి 1244 నాటి శాసనస్తంభం ఉంది. అభయశాసనం అని దానికి పేరు. అంతకుముందు తుఫానులో చిక్కి ఓడ ఒడ్డుకు కొట్టుకువస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ ఆ ఒడ్డు రాజులవే. మునిగినవాడిది తప్పు, ఒడ్డున ఉన్నవాడిది లాభం. గణపతిదేవుడు ఆ ఆనవాయితీ మానుకున్నాడు. కూపశుల్కం, అంటే ముప్పయ్యో వంతు సుంకం తప్ప మిగిలినదంతా యజమానిదేనని రాతిమీద రాయించాడు. ప్రాణాలు పణంగా పెట్టి సముద్రం దాటి వచ్చేవాళ్ళమీద దయతో అని కారణం కూడా చెప్పాడు. రేవుకు వర్తకం పెరుగుతుందన్న లెక్క కూడా ఆ దయలో ఉండే ఉంటుంది. ఉండనీయండి, లెక్క తెలిసిన దయ ఎక్కువ కాలం నిలుస్తుంది. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడా మోటుపల్లిలో వర్తకులకు అభయం పలికాడు.

ఓడలో ఉన్నవాడి రంధ్రం వాడు పూడ్చుకుంటాడు. తుఫానును వాడు పూడ్చలేడు. అక్కడ రాజు పూచీ పడాలి. తుఫాను నీ తప్పు కాదు అని ఎవరో ఒక అధికారం ఉన్నవాళ్ళు, అందరికీ కనిపించేచోట, రాసి పెట్టాలి. అప్పుడు ఓడవాడు తన భయాన్ని పైకి చెప్పుకోగలడు. మా బాబాయికి ఆ మాట ఎవరూ చెప్పలేదు. తెల్లదోమ నీ తప్పే అన్నారు: సమయానికి మందు కొట్టలేదు, ఎక్కువ కొట్టావు, తక్కువ కొట్టావు. పైగా ఆయన సగం చేను కౌలుది. కౌలురైతు పేరు చాలాచోట్ల ఇప్పటికీ కాగితం మీదికే ఎక్కదు, ఇక పరిహారం ఎక్కడినుంచి వస్తుంది? ఎనిమిదివందల ఏళ్ళనాడు ఊరూ పేరూ తెలియని పరదేశి ఓడవాడికి దొరికిన అభయం, ఆ స్తంభానికి ఎంతో దూరం లేని మా నల్లరేగడి రైతుకు 1988లో దొరకలేదు. ఈ మాట రాస్తుంటే నాకు కోపమే వస్తోంది. దాన్ని దాచదలచుకోలేదు.

కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకూ ఈ కాలువలన్నిటినీ 2008లో 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఇనుప పడవలు రావచ్చు, రాకపోవచ్చు. మా గట్టున తెరచాప చూసి యాభై ఏళ్ళు దాటింది.

తమ్ముడితో ఆ సంభాషణ జరిగిన ఏడాది మాఘమాసంలో ఊళ్ళోనే ఉన్నాను. మిగిలిన కాస్త మిరపకాయ కళ్ళంలో ఎండుతోంది. రాత్రి రెండింటికి మబ్బు ఉరిమింది. నేను లేచేసరికి అమ్మ మంచంమీద లేదు. ఎనభైకి దగ్గరపడిన మనిషి, చేతిలో టార్చిలైటు కూడా లేకుండా కళ్ళంలో పట్టా చుట్టూ వంగి నడుస్తోంది. ఒక్కొక్క మూల గుంజకు కట్టిన తాడును లాగి చూస్తోంది, పట్టాను అరచేత్తో తడుతోంది. తమ్ముడు నిద్రకళ్ళతో వచ్చి "నేను కట్టానులేమ్మా, ఏం కాదు, పడుకో" అన్నాడు.

"ఈ మూల నాకు భయంగా ఉందిరా" అంది అమ్మ. తమ్ముడు ఒక క్షణం ఆగాడు. తర్వాత ఏమీ అనకుండా కిందికి వంగి తను వేసిన ముడి విప్పాడు. చీకట్లో అమ్మ వాడి చేతులు పట్టుకుని తన ముడి వేయించింది. ఆ తాడు వేసేటప్పుడు వాడు ఏదో చెప్పటం మొదలుపెట్టాడు, మెల్లగా, బ్యాంకు గురించి, కొట్టువాడి బాకీ గురించి. వాన చినుకులు పట్టామీద పడుతున్నాయి. నేను అరుగుమీదనే కూర్చున్నాను. వాళ్ళిద్దరూ అటుపక్క మూలకు వెళ్ళారు.